చరిత్రా, నడవడా? – రుద్రమదేవి జీవితకథనాలపై ఒక విమర్శ

వ్యాస సంగ్రహం:
తెలుగులో ‘చరిత్ర’ అన్న మాటకు గడచిన కాలపు వృత్తాంతమనీ, వ్యక్తి నడవడి అనీ రెండర్థాలు ఉన్నాయి. పాలించిన స్త్రీల జీవితాలను రాసేటప్పుడు రెండో అర్థం మొదటిదాన్ని కప్పివేస్తూ వచ్చిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు కాకతీయ రుద్రమదేవి (పాలనాకాలం 1262–1289) జీవితకథనాలను ఉదాహరణగా తీసుకుంటుంది. సమకాలీన శాసనాలు, యాదవుల ఆస్థాన ప్రశస్తి, మార్కోపోలో కథనం, ప్రతాపరుద్ర చరిత్రము, ఆధునిక నవల, చలనచిత్రాలను పోల్చి, పాలకురాలి జీవితచరిత్రను ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో చర్చిస్తుంది.

కీలక పదాలు: రుద్రమదేవి, జీవితచరిత్ర, కాకతీయులు, శాసనాలు, మల్కాపురం, చందుపట్ల, స్త్రీల చరిత్ర.

1. ప్రవేశిక

తెలుగులో స్త్రీల జీవితచరిత్రలను ఒక ప్రణాళికతో రాసిన తొలి రచయిత్రి భండారు అచ్చమాంబ (1874–1905). ఆమె గ్రంథం ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’. స్త్రీలు స్వభావతః బలహీనులనీ, చదువూ స్వాతంత్ర్యమూ వారిని చెడగొడతాయనీ సాగుతున్న వాదానికి సమాధానంగా ఆమె ఈ పనికి పూనుకుంది. వాదించి గెలవడం కన్న ఉదాహరణలతో నిరూపించడం మేలని ఆమె గ్రహించింది. అందుకు రాణులు, విదుషీమణులు, వీరవనితలు సాక్షులుగా నిలిచారు.

ఆ గ్రంథనామంలోనే ఈ ప్రక్రియకు సంబంధించిన ఒక చిక్కు దాగి ఉంది. ‘సచ్చరిత్ర’ అంటే మంచి చరిత్ర. మంచి నడవడి అని కూడా. తెలుగువారికి ఈ రెండర్థాల మధ్య సరిహద్దు ఎప్పుడూ పలుచనే. అయితే ఆ సరిహద్దు స్త్రీపురుషులకు ఒకే చోట లేదు. ‘ఆయనకు గొప్ప చరిత్ర ఉంది’ అంటే ఆయన చేసిన పనులు గుర్తుకు వస్తాయి. ‘ఆమె చరిత్ర మాకు తెలుసు’ అంటే వినేవారి మనసు మరో దారి పడుతుంది. ‘చరిత్రహీన’ అన్న మాటకు చరిత్రలో చోటు దక్కని స్త్రీ అని ఎవరూ అర్థం చెప్పరు. తన కాలంలోని నిందను ఎదుర్కోవలసి వచ్చిన అచ్చమాంబకు నడవడిని కూడా సాక్ష్యంగా చూపడం తప్పనిసరి అయింది. ఆ అవసరాన్ని మనం గౌరవించాలి. కానీ ఆ అవసరం తీరిన తరువాత కూడా అదే కొలత మన చేతిలో ఎందుకు మిగిలిందన్నది నేటి పరిశోధకులు వేసుకోవలసిన ప్రశ్న.

పాలించిన స్త్రీ గురించి రాసేవారు ఆమె ఎవరి కూతురు, ఎవరి భార్య, ఎవరిని ప్రేమించింది, ఏ వేషంలో ఉంది అన్న ప్రశ్నలతో మొదలుపెడతారు. ఆమె ఏమి పాలించింది, ఎలా పాలించింది అన్న ప్రశ్నలకు చేరేసరికి పుటలు అయిపోతాయి. రుద్రమదేవి విషయంలో ఇది ఎలా జరిగిందో చూద్దాం.

2. శాసనాలలో రెండు పేర్లు

రుద్రమదేవి గురించి మనకు తెలిసినదానిలో నమ్మదగినది ప్రధానంగా శాసనాల ద్వారానే తెలిసింది. ఆమె గణపతిదేవుని (1199–1262) కుమార్తె. నిడదవోలు చాళుక్య వంశీయుడైన వీరభద్రునితో వివాహమైంది. తండ్రి పాలన చివరి సంవత్సరాలలోనే పరిపాలనలో భాగస్వామి అయింది. ఆమె తరువాత రాజ్యం కుమార్తె ముమ్మడమ్మ కొడుకైన ప్రతాపరుద్రునికి దక్కింది.

శాసనాలలో ఆమె పేరు రెండు రూపాలలో కనిపిస్తుంది. అనేక శాసనాలు ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషవాచకంలో పేర్కొంటాయి. మరికొన్ని ‘రుద్రమదేవి’ అనే అంటాయి. గణపతిదేవుడు కుమార్తెకు ‘రుద్ర’ అన్న పేరును ప్రసాదించినట్లు విద్యానాథుని ప్రతాపరుద్రీయం కూడా సూచిస్తుంది. వేయిస్తంభాల గుడిని కట్టించిన రుద్రదేవుని పేరే ఇది. అంటే అది వంశంలో అప్పటికే ప్రతిష్ఠ గల రాజనామం.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ రెండు రూపాలూ ఒకే కాలంలో, బహిరంగంగా, రాళ్లపై చెక్కబడి కనిపిస్తాయి. 1261 నాటి మల్కాపురం శాసనం ఆమెను స్త్రీగానే పేర్కొంది. శాసనం అంటే ఊరి నడుమ, గుడి ముంగిట నిలబెట్టిన ప్రకటన. రహస్యాన్ని దాచదలచినవారు దానిని శిలాశాసనంగా వేయించరు. కనుక పురుషనామాన్ని మారువేషానికి ఆధారంగా చూపడం కుదరదు. ‘మహారాజు’ అనేది పదవి పేరు. ఆ పదవికి అప్పటి భాషలో స్త్రీరూపం సిద్ధంగా లేదు. ‘రాణి’ అంటే రాజు భార్య అవుతుందే గాని రాజు కాదు. రుద్రమ రాజు భార్య కాదు, రాజే. శాసనభాష ఈ తేడాను సూటిగా పట్టుకుంది. సింథియా టాల్బట్ వంటి చరిత్రకారులు రుద్రమను స్త్రీగా ఉన్న రాజుగానే చర్చించడం వల్ల ఈ విషయం పరిశోధకులకు మరింత స్పష్టమైంది. అయినా మన జనరంజక కథనాలలో ఆమె ‘రాణి రుద్రమ’గానే స్థిరపడింది. గౌరవంతో వాడే మాటే అయినా పదవి విషయంలో ఇది ఒక మెట్టు దించడమే.

3. యుద్ధం ఒకటి, కథనాలు రెండు

దేవగిరి యాదవ రాజు మహాదేవునితో రుద్రమకు జరిగిన యుద్ధం గురించి పరస్పర విరుద్ధమైన కథనాలు ఉన్నాయి. మహాదేవుని కొలువులో ఉన్న హేమాద్రి తన ‘చతుర్వర్గ చింతామణి’లోని వ్రతఖండంలో తన ప్రభువును ప్రశంసిస్తూ, ఆయన స్త్రీలను, శిశువులను, శరణన్నవారిని చంపడని చెప్పాడు. ఆ సంగతి తెలిసే ఆంధ్రులు ఒక స్త్రీని సింహాసనంపై కూర్చోబెట్టారట. మహాదేవుడు తెలింగాధిపతి ఏనుగులను, వాద్యాలను తీసుకొని, స్త్రీ అని రుద్రమను విడిచిపెట్టాడట.

ఇందుకు భిన్నంగా, ఏకామ్రనాథుని ప్రతాపరుద్ర చరిత్రము రుద్రమ మహాదేవుణ్ణి ఓరుగల్లు నుంచి దేవగిరి దాకా తరిమి, అపార ధనాన్ని రాబట్టిందని చెబుతుంది. బీదరు కోటలో లభించిన ఖండిత శాసనం ఆమెకు ‘రాయగజకేసరి’ బిరుదును చెబుతూ, ఆ ప్రాంతంలో ఆమె అధికారాన్ని సూచిస్తుంది. ఏకామ్రనాథుడు చెప్పిన ధనపు లెక్కను నమ్మినా నమ్మకపోయినా, కాకతీయాధికారం బీదరు వరకు చేరిందనడానికి బీదరు శాసనం ఆధారంగా నిలుస్తోంది. ఓడి, దయాభిక్షతో బయటపడిన పాలకురాలికి ఇది పొసగదు.

హేమాద్రి మాట చారిత్రకంగా బలహీనమైనదే అయినా విమర్శకుడికి ఎంతో విలువైనది. యుద్ధ ఫలితం అనే రాజకీయ ప్రశ్నను ఆయన ‘స్త్రీ’ అన్న ఒక్క మాటతో నైతిక ప్రశ్నగా మార్చాడు. రుద్రమ పట్టాభిషేకం వెనుక గణపతిదేవుని నిర్ణయం, సామంతుల సమ్మతి, చాళుక్యులతో వియ్యం వంటి కారణాలు ఉండగా, అదంతా తన ప్రభువు దయాగుణాన్ని వాడుకోవడానికి ఆంధ్రులు పన్నిన ఉపాయంగా తేలింది. పాలకురాలు శత్రువు సచ్చరిత్రకు ఉదాహరణగా మిగిలిపోయింది.

4. కూతురు భార్య అయిన తీరు

మార్కోపోలో ‘ముత్ఫిలి’ రాజ్యం గురించి రాశాడు. ముత్ఫిలి అంటే మోటుపల్లి రేవు అని పరిశోధకులు గుర్తించారు. అక్కడి వజ్రాలను, సన్నని వస్త్రాలను వర్ణించి, ఆ రాజ్యాన్ని న్యాయబుద్ధి గల ఒక రాణి పాలిస్తున్నదని, భర్త మరణించి నలభై ఏళ్లయినా ఆయనపై ప్రేమతో మరో వివాహం చేసుకోలేదని చెప్పాడు. ప్రతాపరుద్ర చరిత్రము కూడా రుద్రమను గణపతిదేవుని భార్యగానే చెప్పింది. వెనిస్ నుంచి వచ్చిన వర్తకుడూ, దాదాపు రెండు శతాబ్దాల తరువాత తెలుగులో రాసిన ఏకామ్రనాథుడూ ఒకరినొకరు చదివి ఉండే అవకాశం లేదు. అయినా ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు.

ఈ పొరపాటును సమాచార లోపంగా మాత్రమే కొట్టివేయడం సరికాదు. స్త్రీకి అధికారం ఏ దారిలో రాగలదన్న విషయంలో అప్పటివారి ఊహకు ఒక హద్దు ఉంది. భర్త పోయిన రాణి, కొడుకు ఎదిగేవరకో లేదా భర్త పేరు మీదో పాలించడం వారికి తెలిసిన దారి. రుద్రమ సోదరి గణపాంబ ఇందుకు దగ్గరి ఉదాహరణ. కోట వంశపు బేతరాజును వివాహమాడిన ఆమె, భర్త మరణానంతరం ధరణికోట ప్రాంతంలో అధికారం నెరపినట్లు, ఆయన పుణ్యార్థం ఆలయాలు కట్టించినట్లు యనమదల శాసనం వల్ల తెలుస్తోంది. లోకం సులభంగా అంగీకరించే కథ గణపాంబది. రుద్రమది అటువంటిది కాదు. తండ్రి నుంచి కూతురికి, రాజు నుంచి రాజుకు అధికారం సంక్రమించింది. ఈ అరుదైన సంగతిని కథకులు తమకు తెలిసిన మూసలో పోశారు. మూసలో ఇమడని భాగమే నిజానికి ఆమె చరిత్ర.

5. ఢిల్లీ నుంచి ఒక పోలిక

ఇది తెలుగు కథకులకే పరిమితమైన లోపం కాదని చూపడానికి, రుద్రమకు ఒక తరం ముందు తండ్రి సంకల్పంతోనే వారసురాలై ఢిల్లీలో పాలించిన రజియా (1236–1240) ఉదాహరణ చాలు. సమకాలీనుడైన మిన్హాజ్ ‘తబఖాత్-ఇ-నాసిరీ’లో ఆమెకు న్యాయం, ఔదార్యం, సైన్య నాయకత్వం వంటి రాజగుణాలన్నీ ఉన్నాయని చెప్పి, పురుషుల లెక్కలో పుట్టనందున ఆ గుణాల వల్ల ప్రయోజనమేమిటని వాక్యం ముగించాడు. ఒక శతాబ్దం తరువాత, 1350లో ‘ఫుతూహ్-ఉస్-సలాతీన్’ను పూర్తిచేసిన ఇసామీ నాటికి ఆ గుణాల పట్టిక వెనక్కి పోయి, అశ్వశాలాధిపతి యాకూత్‌తో ఆమె చనువు ముందుకు వచ్చింది. స్త్రీకి తగినది రాట్నమే అని ఇసామీ తీర్పు చెప్పాడు.

ఇసామీ మాటకు ఒక విచిత్రమైన ఉపయోగం కలిగింది. భారతదేశంలో రాట్నం వాడుకకు తొలి ప్రస్తావనలలో ఒకటిగా సాంకేతిక చరిత్రకారులు దానిని స్వీకరించారు. రజియాను కించపరచడానికి రాసిన మాట రాట్నం చరిత్రకు పనికివచ్చింది. రజియా చరిత్రకు మాత్రం పనికిరాలేదు. ఆధారాన్ని రాసినవారి ఉద్దేశం నుంచి విడదీసి చదివినప్పుడే దాని నుంచి చరిత్ర బయటికి వస్తుందని ఇది గుర్తుచేస్తుంది.

6. ఆధునిక కథనం: మారువేషమూ ప్రేమా

ఇరవయ్యో శతాబ్దంలో శాసన పరిశోధన వల్ల రుద్రమ గణపతిదేవుని కుమార్తె అన్న విషయం స్థిరపడింది. ‘భార్య’ అన్న పొరపాటు తొలగింది. కానీ ఆ ఖాళీలోకి కొత్త మూస వచ్చి చేరింది. శాసనాలలోని పురుషనామం కథకులకు మారువేషంగా కనిపించింది.

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ తెలుగు చారిత్రక నవలలలో పాఠకుల అభిమానాన్ని విశేషంగా పొందిన రచన. కాకతీయ యుగాన్ని సామాన్య పాఠకుని కళ్లకు కట్టడంలో ఆ నవల చేసిన మేలు తక్కువది కాదు. అయినా రుద్రమ కాలాన్ని చిత్రించిన నవలకు శీర్షికానాయకుడు గన్నారెడ్డి అయ్యాడు. చారిత్రకంగా గన్నారెడ్డి ఘనతను చాటే ముఖ్యమైన ఆధారం 1294 నాటి రాయచూరు కోట శాసనం; అది ప్రతాపరుద్రుని పాలనాకాలానిది. నవలాకారునికి కాలాన్ని సవరించుకునే స్వేచ్ఛ ఉంది. ఆ స్వేచ్ఛ ఏ వైపు మొగ్గుతున్నదో గమనించే బాధ్యత విమర్శకుడిది. పాలకురాలి కథకు ఒక వీరుని అండ కావాలన్న భావన ఆ మొగ్గులో ఉంది.

2015లో గుణశేఖర్ దర్శకత్వంలో వచ్చిన ‘రుద్రమదేవి’ చిత్రం ఈ ధోరణికి మరింత బలమిచ్చింది. ఆడపిల్ల పుట్టిన సంగతి దాచి, కొడుకుగా పెంచి, ఆ రహస్యం బయటపడే ఘట్టాన్ని కథకు ఆయువుపట్టుగా చేశారు. శాసనాలు బహిరంగంగా చెప్పిన దానిని కథ రహస్యం చేసింది. ఆమె ఎలా పాలించిందన్న ఉత్కంఠ స్థానంలో ఆమె స్త్రీ అని ఎప్పుడు తెలుస్తుందన్న ఉత్కంఠ నిలిచింది. తరగతి గదిలో రుద్రమ పేరెత్తగానే విద్యార్థులు మారువేషం గురించి అడగడంలో ఆశ్చర్యం లేదు. ఈ ప్రశ్నకు అధ్యాపకుడు సినిమాను నిందించి ఊరుకోకుండా, రెండు పేర్లూ చెక్కిన రాళ్ల దగ్గరికి విద్యార్థిని తీసుకువెళ్లగలగాలి.

7. మరణం: తెలిసినదీ ఊహించినదీ

ఆమె మరణం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఒకప్పుడు ఆమె పాలన 1295 ప్రాంతం వరకు సాగిందని భావించేవారు. నల్లగొండ జిల్లా చందుపట్లలో లభించిన 1289 నవంబరు నాటి శాసనం ఈ లెక్కను మార్చింది. కాకతి రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోక ప్రాప్తి పొందారని, వారి పుణ్యార్థం పువ్వుల ముమ్మడి అనే సేవకుడు దానం చేశాడని ఆ శాసనం చెబుతుంది.

శాసనం చెప్పేది ఇంతవరకే. వారు యుద్ధంలో మరణించారనడం, ఆ శత్రువు కాయస్థ అంబదేవుడనడం చరిత్రకారుల ఊహ. అది నిరాధారమైన ఊహ కాదు. కాయస్థ నాయకులు జన్నిగదేవుడు, త్రిపురారి కాకతీయులకు విధేయులై పెద్ద భూభాగాన్ని ఏలగా, వారి తరువాత వచ్చిన అంబదేవుడు స్వతంత్రించాడు. అతని 1290 నాటి త్రిపురాంతక శాసనం అనేక విజయాలతో పాటు మల్లికార్జునునిపై గెలుపును కూడా పేర్కొంటుంది. రెండు శాసనాలను కలిపి చదివితే ఊహకు బలం చేకూరుతుంది. కానీ ఊహను ఊహగా చెప్పడం జీవితచరిత్రకారుని ధర్మం. గుర్రంపై కత్తి ఝళిపిస్తూ నేలకొరిగిన వృద్ధవీరమాత చిత్రం మన మనసులను కదిలిస్తుంది. ఆ చిత్రంలో అంబదేవుని తిరుగుబాటుకు గల రాజకీయ కారణాలు మాత్రం కనిపించవు. పాత సామంతకుటుంబాలకు, కాకతీయ కేంద్రానికి మధ్య పెరిగిన సంఘర్షణలో ఆమె పాలన ఏ పాత్ర వహించిందన్నది అసలు ప్రశ్న. వీరమరణం ఆ ప్రశ్నకు సమాధానం కాజాలదు.

8. మల్కాపురం నుంచి మొదలుపెడితే

మరి ఆమె జీవితచరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలి? మల్కాపురం శాసనం ఒక మంచి ద్వారం. గణపతిదేవునికి దీక్షాగురువైన విశ్వేశ్వర శివాచార్యులకు తండ్రి ఇస్తానన్న మందడం గ్రామాన్ని, దానితోపాటు వెలగపూడిని రుద్రమదేవి ధారపోసింది. ఆ ఆదాయంతో నడిచిన వ్యవస్థలో ఆలయం, మఠం, విద్యాలయం, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉన్నాయి. వేదశాస్త్రాలు బోధించేవారితోపాటు ఒక వైద్యుడు, లెక్కలు రాసే ఒక కాయస్థుడు కూడా ఆ జాబితాలో కనిపిస్తారు. అన్నసత్రం బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు అందరికీ తెరిచి ఉండాలన్న నియమం ఉంది. నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి ఇదే.

ఈ శాసనం నుంచి మొదలైన జీవితచరిత్ర వేరే ప్రశ్నలు అడుగుతుంది. తండ్రి మాటను కూతురు నెరవేర్చడంలో పుత్రికాధర్మం ఎంత, వారసత్వ హక్కును లోకానికి చాటడం ఎంత? గోళకీ మఠానికి చెందిన శైవాచార్యుల మద్దతు ఆమె అధికారానికి ఎంతగా తోడ్పడింది? ప్రసూతిశాలకు గ్రామాదాయం కేటాయించిన నిర్ణయంలో ఆచార్యుని పాలు ఎంత, పాలకురాలి పాలు ఎంత? రేచర్ల ప్రసాదిత్యునికి ‘కాకతిరాజ్య స్థాపనాచార్య’ బిరుదు ఉందంటే రాజ్యాన్ని తిరిగి స్థాపించవలసిన సంక్షోభం ఏర్పడిందనే కదా. దానిని ఆమె ఎవరి సాయంతో దాటింది? ఈ ప్రశ్నలన్నిటికీ పూర్తి సమాధానాలు దొరకవు. కానీ ఇవి చరిత్ర అడిగే ప్రశ్నలు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. మధ్యయుగ రాజ్యంలో బంధుత్వమే రాజకీయం కదా, దానిని పక్కనపెడితే చరిత్ర ఎలా మిగులుతుంది? ఆక్షేపణ సబబైనదే. వీరభద్రునితో వివాహం వేంగి ప్రాంతపు పొత్తు. దౌహిత్రుణ్ణి వారసుణ్ణి చేయడం రాజ్యాన్ని అల్లుళ్ల వంశాలకు పోనీయకుండా చూసుకున్న ఏర్పాటు. కనుక బంధుత్వాన్ని వదలనక్కరలేదు. దానిని రాజనీతిగా చదవాలి. పురుషులైన రాజుల వివాహాలను మనం ‘సంధి’, ‘వియ్యం’ అన్న మాటలతోనే చదువుతున్నాం. అదే చదువు రుద్రమకూ వర్తింపజేయాలి.

9. ముగింపు

రుద్రమదేవి జీవితకథనాలలో మూడు మూసలు కనిపించాయి. హేమాద్రి కథనంలో ఆమె శత్రువు దయకు పాత్రమైన స్త్రీ. మార్కోపోలో, ఏకామ్రనాథుల కథనాలలో భర్తను కోల్పోయిన రాణి. ఆధునిక కథనంలో మారువేషం ధరించిన వీరవనిత. మొదటిది నింద, మిగిలినవి ప్రశంస. అయినా మూడూ ఆమెను కొలిచింది నడవడితోనే. ప్రశంస అయినంతమాత్రాన మూస న్యాయమైపోదు. ‘వీరనారి’ అన్న బిరుదు పాలకురాలి వీరత్వాన్ని చెబుతుంది. పన్ను, భూమి, సామంతుడు, మఠం, రేవు వంటివాటితో ఆమె పడిన శ్రమను చెప్పదు.

అచ్చమాంబ ఒక శతాబ్దానికి పూర్వం స్త్రీలకు చరిత్ర ఉందని నిరూపించడానికి వారి సచ్చరిత్రను చూపవలసి వచ్చింది. ఆమె గెలిచిన వాదాన్ని మనం మళ్లీ వాదించనక్కరలేదు. నేడు పాలకురాండ్రపై పరిశోధనకు పూనుకునేవారు తమ మొదటి అధ్యాయానికి ‘జననం – వివాహం – సంతానం’ అని పేరు పెట్టే ముందు ఒకసారి ఆగి, అదే కాలపు రాజు గురించి రాస్తే ఆ అధ్యాయానికి ఏ పేరు పెట్టేవారో ఆలోచించుకోవాలి. రుద్రమను ‘మహారాజు’ అన్న శాసన లేఖకుడు ఏడు వందల ఏళ్ల కిందటే ఆ పని చేశాడు. ఆ మాటను మారువేషంగా కాక పదవిగా చదవడం నేర్చుకుంటే ఆమె జీవితచరిత్ర రాయడానికి కావలసిన తొలి వాక్యం మనకు దొరికినట్లే.